వాలెట్టా రేవులో ఒక్క పగలు: పెద్దవాళ్లతో వెళ్తున్నాము, ఏది చూడాలి, ఏది వదిలేయాలి?

తులసికోట:

అందరికీ నమస్కారం. వచ్చే అక్టోబరులో మేము ఐదుగురం బార్సిలోనాలో ఓడ ఎక్కి, ఏడు రాత్రుల తర్వాత మళ్లీ అక్కడే దిగే మధ్యధరా సముద్ర యాత్రకు వెళ్తున్నాము. మా ఆయన, పదకొండేళ్ల మా అబ్బాయి, నేను, మా అత్తగారు, మామగారు. మామగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు కాబట్టి ఏ ఊరు బయలుదేరినా ముందు టైమ్‌టేబుల్ అడుగుతారు. అత్తగారికి మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. చదును నేల మీద నెమ్మదిగా ఒక కిలోమీటరు నడుస్తారు గానీ, మెట్లు కనబడితే అక్కడే ఆగిపోతారు.

దారిలో ఓడ మాల్టా రాజధాని వాలెట్టాలో ఉదయం 8 గంటలకు ఆగి, సాయంత్రం 5 గంటలకు బయలుదేరుతుంది. మా ఆయన వేసిన జాబితాలో వాలెట్టాలోని పెద్ద చర్చి, పాత రాజధాని ఎమ్‌దీనా, బ్లూ గ్రోటో గుహలు, మార్సష్లోక్ జాలరిపల్లె, హైపోజియం అనే భూగర్భంలోని ప్రాచీన సమాధుల గుహ అన్నీ ఉన్నాయి. తిరుమల, కాళహస్తి, కాణిపాకం ఒకే పూటలో చుట్టి రాత్రికి ఇల్లు చేరాలనుకునే వాళ్ల జాబితాలాగా ఉందని నేను అన్నాను, ఆయన ఒప్పుకోలేదు. ఓడవాళ్ల టూరు తీసుకుందామంటే ఐదుగురికి లెక్క కట్టేసరికి గుండె గుభేలుమంటోంది. సొంతంగా తిరగడం సాధ్యమేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

పాతఓడ:

తులసికోట గారూ, ముందు మీ మామగారి పద్ధతిలోనే టైమ్‌టేబుల్ చూద్దాము. 8 నుంచి 5 అంటే తొమ్మిది గంటలని కాగితం మీద ఉంటుంది గానీ, అన్ని గంటలు మీ చేతికి రావు. ఓడ రేవుకు ఆనిన తర్వాత అధికారుల తనిఖీ పూర్తయి నిచ్చెన దింపేసరికి అరగంట పోతుంది, ఒకేసారి వందలమంది దిగడం వల్ల మరికొంత పోతుంది. సాయంత్రం చివరి ప్రయాణికుడు ఎక్కవలసిన వేళ బయలుదేరే వేళకు అరగంటో గంటో ముందే ఉంటుంది. కాబట్టి మీకు మిగిలేది ఏడు, ఏడున్నర గంటలు. ఓడవాళ్ల టూరులో వెళ్లినవారి బస్సు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. ఆ టూరు ధరలో సగం ఈ భరోసాకే చెల్లిస్తున్నామని నా అభిప్రాయం.

ఇంకొక జాగ్రత్త ఉంది. ఫోనులో కనిపించే సమయమూ ఓడ సమయమూ ఒకటేనని అనుకోకండి. ఇటలీ నుంచి గ్రీసుకు వెళ్లిన యాత్రలో మా ఓడ గడియారాలు ఇటలీ సమయంలోనే ఉండిపోయాయి, మా ఫోన్లు మాత్రం గ్రీసులో దిగగానే ఒక గంట ముందుకు జరిగాయి. అది తెలియక మా తమ్ముడూ నేనూ మంచి మ్యూజియం ఒకటి సగంలో వదిలేసి, చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుకొచ్చి, గంటసేపు రేవులో బెంచీ మీద కూర్చున్నాము. తేడా అటు కాకుండా ఇటు ఉంటే ఓడ వెనుకభాగం చూస్తూ నిలబడేవాళ్లం. మాల్టా, స్పెయిన్, ఇటలీ ఒకే సమయం పాటిస్తాయి కనుక మీకు ఆ ఇబ్బంది రాదు. అయినా ఓడలో గోడగడియారం చూసి ఒక చేతిగడియారం సరిచేసుకోండి.

జాబితా విషయానికి వస్తే హైపోజియం కొట్టేయండి. లోపలి గాలిలో తేమ పెరిగి పాడవుతుందని ఒక్కో విడతకు పదిమందినే పంపుతారు, టిక్కెట్లు ఎన్నో వారాల ముందే అయిపోతాయి. బ్లూ గ్రోటో పడవలు అలలు ఎక్కువగా ఉన్న రోజున అసలు కదలవు. ఎమ్‌దీనాను మాత్రం వదలవద్దు. అంతటి నిశ్శబ్దమైన కోట ఊరు నేను మరెక్కడా చూడలేదు.

మాల్టాలో మనవాడు:

నేను ఉద్యోగరీత్యా నాలుగేళ్లుగా ఈ దీవిలో ఉంటున్నాను. పాతఓడ గారు లెక్క సరిగానే కట్టారు. ఎమ్‌దీనా విషయంలో మాత్రం నేను ఆయనతో ఏకీభవించలేను.

చాలా రేవుల్లో ఓడ ఒకచోట ఆగుతుంది, చూడవలసిన ఊరు వేరొకచోట ఉంటుంది. రోమ్ చూడాలంటే చివిటవెక్కియాలో దిగి గంటకు పైగా రైలులో పోవాలి, ఫ్లారెన్స్‌కు లివోర్నో నుంచి అంతకంటే ఎక్కువ పడుతుంది. వాలెట్టాలో ఆ బాధ లేదు. గ్రాండ్ హార్బర్ అనే సహజమైన రేవులోకి ఓడ నేరుగా వచ్చి, ఊరి కోటగోడ కిందనే ఆగుతుంది. యాత్ర మొత్తంలో చూడదగిన దృశ్యాలలో అదొకటి కనుక, ఆ ఉదయం ఏడు గంటలలోపే అందరూ పై డెక్కు మీద ఉండండి. ఎండ పడే కొద్దీ కోటలన్నీ తేనె రంగుకు తిరుగుతాయి. కుడివైపు వాలెట్టా సున్నపురాయి గోడలు, ఎడమవైపు మూడు పాత పట్టణాలు, మధ్యలో మీ ఓడ నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. టిఫిను తర్వాతైనా చేయవచ్చు.

దిగిన తర్వాత ఒడ్డునే పదిహేను నిమిషాలు నడిస్తే అప్పర్ బరక్కా లిఫ్టు వస్తుంది. 58 మీటర్ల ఎత్తున్న ఈ లిఫ్టును 2012లో కట్టారు. కొద్దిపాటి రుసుము తీసుకుని నేరుగా కోటగోడ పైనున్న తోటలోకి చేరుస్తుంది కాబట్టి మీ అత్తగారు ఒక్క మెట్టు కూడా ఎక్కనక్కరలేదు. అక్కడి నుంచి పెద్ద చర్చి వరకు దారి దాదాపు చదునుగానే ఉంటుంది. ఊరంతా కలిపి ఒక చదరపు కిలోమీటరు కూడా లేదు, ఐరోపా సమాఖ్య రాజధానులన్నిటిలో ఇదే చిన్నది. అయితే పెద్దవీధి దాటి పక్కసందుల్లోకి దిగారంటే ఆ సందులే మెట్లు. శతాబ్దాల నడకకు ఆ రాళ్లు నున్నగా అరిగిపోయి, చినుకు పడితే సబ్బుబిళ్లలా జారుతాయి. అత్తగారిని అటు తీసుకువెళ్లకండి.

ఎమ్‌దీనాకు 51, 52, 53 నంబర్ల బస్సులు ఊరి ద్వారం బయట ట్రైటన్ ఫౌంటెన్ దగ్గర దొరుకుతాయి. దూరం పదకొండు కిలోమీటర్లే గానీ, దీవిలో వాహనాలు విపరీతంగా పెరిగాయి కనుక ఆ పదకొండుకు ఒక్కోసారి ముప్పావుగంట పడుతుంది. రెండు మూడు ఓడలు వచ్చిన రోజున బస్సులో నిలబడే చోటు కూడా ఉండదు. మోకాళ్ల నొప్పులున్న మనిషిని అలా నిలబెట్టి తీసుకువెళ్లి, అంత పేరున్న నిశ్శబ్దాన్ని చూపించి, మళ్లీ నిలబెట్టి తీసుకురావడంలో అర్థం లేదు.

చిత్రలేఖ:

మీ జాబితాలోని పెద్ద చర్చి, అంటే సెయింట్ జాన్స్ కో-కెథడ్రల్ గురించి నాలుగు మాటలు చెప్పనివ్వండి. బయటి నుంచి చూస్తే ధాన్యం గిడ్డంగిలా సాదాగా ఉంటుంది, లోపల అడుగుపెడితే బంగారు పూత లేని అంగుళం కనబడదు. 1570లలో కట్టిన ఈ చర్చికి మాటియా ప్రెటి అనే చిత్రకారుడు 1660లలో పైకప్పు అంతా బొమ్మలు వేశాడు. నేల మొత్తం రంగురంగుల పాలరాతి పలకలే. ఒక్కో పలక కింద ఒక్కో నైటు, అంటే అప్పట్లో ఈ దీవిని ఏలిన క్రైస్తవ యోధుల సంఘంలోని ఒకరి సమాధి ఉంటుంది.

అయితే నేను అక్కడ గంటసేపు నిలబడింది పక్కనున్న ప్రార్థనామందిరంలో, కారవాజియో అనే ఇటలీ చిత్రకారుడు 1608లో వేసిన బాప్టిస్ట్ యోహాను శిరచ్ఛేదం ముందు. ఐదు మీటర్లకు పైగా వెడల్పున్న తైలవర్ణ చిత్రం అది. చంపేవాడు కత్తితో పని పూర్తికాక, నడుము వెనుక దాచుకున్న చిన్న బాకు కోసం చేయి వెనక్కి పెడుతుంటాడు. ఒక అమ్మాయి తల పట్టుకోవడానికి పళ్లెం చాచి వంగి ఉంటుంది. పక్కనే ముసలావిడ రెండు చేతులతో తన తల పట్టుకుంటుంది. కుడివైపు జైలు కిటికీ ఊచల్లోంచి ఇద్దరు ఖైదీలు మెడలు సాచి చూస్తుంటారు. మిగిలిన సగం చిత్రం ఖాళీ గోడే. యోహాను మెడ నుంచి నేలమీదకు కారిన రక్తంలోనే చిత్రకారుడు తన పేరు రాసుకున్నాడు, అతడు సంతకం చేసిన చిత్రం ఇదొక్కటే. రోమ్‌లో హత్య చేసి పారిపోయి వచ్చిన ఇతడిని ఇక్కడ నైటుగా స్వీకరించారు. కొద్ది నెలల్లోనే మరో గొడవలో ఇరుక్కుని, జైలు నుంచి తప్పించుకుని పారిపోతే, అదే ఏడాది డిసెంబరులో ఈ చిత్రం ఉన్న మందిరంలోనే సభ చేసి అతడిని నైటుల నుంచి వెలివేశారు.

ఆదివారం సందర్శకులను లోపలికి అనుమతించరు. నేను మొదటిసారి ఆదివారమే వెళ్లి, మూసిన తలుపు చూసి వెనక్కి వచ్చాను. మీ ఓడ ఏ రోజున ఆగుతుందో ముందు చూసుకోండి. భుజాలు కప్పుకోవాలి, సన్నమడమల చెప్పులు వేసుకుంటే పాలరాయి దెబ్బతింటుందని వెళ్లనివ్వరు.

తులసికోట:

గురువారం ఆగుతుందండి, బతికిపోయాము. అందరికీ ధన్యవాదాలు. ఇంకొక సందేహం. మా అత్తగారు కోడిగుడ్డు కూడా తినరు. ఓడ నుంచి ఏదైనా కట్టుకుని దిగవచ్చా, ఊళ్లో ఏమైనా దొరుకుతుందా?

అరిటాకు:

మా ఓడలో వండిన పదార్థాలు ఒడ్డుకు పట్టుకుపోనివ్వలేదు. సీలు వేసిన బిస్కట్ పొట్లాలకు అభ్యంతరం చెప్పలేదు. ఊళ్లో అందరూ తినేది పస్తీత్సి. మన కజ్జికాయ ఆకారానికి దగ్గరగా ఉండి, పొరలుపొరలుగా రాలిపోయే పిండివంట అది. లోపల రికోటా జున్నైనా పెడతారు, పచ్చబఠాణీ ముద్దైనా పెడతారు. పొయ్యిలోంచి తీసిన వెంటనే కొరికితే నాలుక కాలుతుంది, పొట్టు చీర మీద రాలుతుంది, అయినా రెండోది అడుగుతారు. అయితే పాత పద్ధతిలో ఆ పొరలకు పంది కొవ్వు రాస్తారు, ఇప్పుడు చాలాచోట్ల మార్గరీన్ వాడుతున్నారు. కాబట్టి కొట్టులో అడగకుండా అత్తగారికి పెట్టకండి. ఇంగ్లీషు అక్కడ అధికార భాష కనుక అడగడం కష్టం కాదు. చిక్కుడు గింజలను వెల్లుల్లితో నూరి చేసే బిజిల్లా రొట్టెలోకి బాగుంటుంది. కిన్నీ అనే చేదునారింజ పానీయం మీ అబ్బాయికి మొదటి గుక్కలో నచ్చదు.

చరిత్రపంతులు:

ఊరు ఎందుకు పుట్టిందో తెలిస్తే ఆ గోడలు మరింత బాగా కనబడతాయి కనుక క్లుప్తంగా చెబుతాను. 1565 మే నెలలో ఒట్టోమన్ సైన్యం ఈ దీవిని ముట్టడించింది. రేవు మొన మీదున్న సెయింట్ ఎల్మో కోట జూన్ 23న పడిపోయింది గానీ, అవతలి ఒడ్డున బిర్గు, సెంగ్లియా పట్టణాలు సెప్టెంబరు దాకా నిలిచాయి. సెప్టెంబరు 8న ముట్టడి ముగిసింది, ఆ రోజు ఇప్పటికీ అక్కడ సెలవు. మరోసారి శత్రువు వస్తే తట్టుకోవాలని, నైటుల అధిపతి జాన్ ద లా వాలెట్ 1566 మార్చి 28న బోడిగుట్ట మీద కొత్త ఊరికి శంకుస్థాపన చేశాడు. వీధులన్నీ గళ్లనుడికట్టులా తిన్నగా ఉండటానికి కారణం అదే, ఒకేసారి గీసి కట్టిన ఊరు.

మనకు సంబంధించిన ముచ్చట కూడా ఒకటి ఉంది. 1878లో రష్యాతో యుద్ధం వస్తుందన్న అనుమానంతో బ్రిటిష్ ప్రభుత్వం సూయజ్ కాలువ మీదుగా సుమారు 7,000 మంది భారతీయ సైనికులను మాల్టాకు రప్పించింది. వారిలో మద్రాసు సాపర్లు అనే ఇంజనీరింగు దళంవారు కూడా ఉన్నారు. యుద్ధం రాలేదు, అక్కడి నుంచి వారిని సైప్రస్‌కు తరలించారు. ఆ రేవులో దిగే తెలుగువాళ్లలో మీరే మొదటివాళ్లని అనుకోకండి.

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు కురిసి ఊరు తీవ్రంగా దెబ్బతిని, తిండి అయిపోయే దశలో ఒహాయో అనే చమురు ఓడ సగం మునిగి, ఇరుపక్కలా వేరే ఓడలు మోసుకు వస్తుండగా ఇదే రేవులోకి చేరింది. ఆ తేదీ 1942 ఆగస్టు 15. మనకు స్వాతంత్ర్యం రావడానికి సరిగ్గా ఐదేళ్ల ముందు.

పాతఓడ:

మాల్టాలో మనవాడు గారి మాటలో న్యాయం ఉంది, అత్తగారి వరకు నేను వెనక్కి తగ్గుతున్నాను. కానీ మీ ఆయనా అబ్బాయీ ఎమ్‌దీనాకు వెళ్లి, మిగిలిన ముగ్గురూ వాలెట్టాలో ఉండవచ్చు కదా. కుటుంబం అంటే రోజంతా ఒకరి కొంగు ఒకరు పట్టుకుని తిరగాలని ఎక్కడా లేదు.

వీసా గురించి ఎవరూ చెప్పలేదు. ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమి షెంగెన్‌లో మాల్టా 2007 నుంచి ఉంది. మీ యాత్రలో ట్యునీషియా, తుర్కియే, మాంటెనీగ్రో వంటి చోట్లు కూడా ఉంటే, అక్కడ దిగి తిరిగి వచ్చినప్పుడు మళ్లీ షెంగెన్‌లో ప్రవేశించినట్టే లెక్క. కాబట్టి ఎన్నిసార్లైనా ప్రవేశించగలిగే వీసా తీసుకోండి.

మాల్టాలో మనవాడు:

విడిపోయి వెళ్లేటట్లయితే మధ్యాహ్నం రెండున్నరకల్లా ఎమ్‌దీనా నుంచి బయలుదేరమనండి. మూడు తర్వాత రోడ్లు నిండిపోతాయి. ఒడ్డున ఉండే ముగ్గురికీ ఒక సలహా. లిఫ్టు కింద పాత కస్టమ్స్ భవనం దగ్గర దైసా అనే రంగుల చెక్కపడవలు ఉంటాయి. అవి పది నిమిషాల్లో రేవు దాటించి బిర్గులో దించుతాయి. పడవ ఊగుతుంది కనుక అత్తగారు ఒప్పుకుంటేనే సుమా. పన్నెండు గంటలకు మాత్రం బరక్కా తోటలో ఉండండి, కింది బురుజు మీద ఫిరంగి పేలుస్తారు. రేవులోని ఓడలు తమ గడియారాలు సరిచేసుకోవడానికి పెట్టిన ఆనవాయితీ అది. నాలుగింటికి మళ్లీ పేలుస్తారు.

తులసికోట:

అందరికీ నమస్కారం. తిరిగి వచ్చి పది రోజులైంది. సలహాలు ఇచ్చి ఊరుకున్నవారికి జరిగింది చెప్పడం బాధ్యత కనుక వివరంగా రాస్తున్నాను.

రేవు ప్రవేశం గురించి చెప్పినది అక్షరాలా నిజం. ఆరున్నరకే పైకి వెళ్లాము. గోడల మీద ఎండ పడుతుంటే మా అబ్బాయి ఫోను పక్కన పెట్టేశాడు, మా ఇంట్లో అది విశేషమే. తొమ్మిదికి దిగాము. మా ఆయనా వాడూ నేరుగా టాక్సీలో ఎమ్‌దీనాకు వెళ్లారు. మేము ముగ్గురం నెమ్మదిగా ఒడ్డున నడిచి లిఫ్టు ఎక్కాము.

చర్చిలో నేను ఊహించని చిక్కు వచ్చింది. నేలమీద అన్నీ సమాధులని చిత్రలేఖ గారు రాసింది నేనే ముందు రోజు అత్తగారికి చదివి వినిపించాను. లోపలికి రాగానే ఆవిడ కింద చూశారు. పాలరాతిలో పుర్రెలు, ఎముకలు, కొడవలి పట్టుకున్న అస్థిపంజరం. "చచ్చిన వాళ్ల గుండెల మీద కాళ్లేసి నడవమంటావా?" అని గుమ్మంలోనే నిలబడిపోయారు. వెనుక జనం ఆగిపోయారు. చివరికి పలకల మీద పరిచిన తివాచీ పట్టీ చూపించి, దాని మీదుగా నడిపించాను. ఆవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి, వాళ్లకు దండం పెట్టుకుంటున్నానని తర్వాత చెప్పారు. కారవాజియో చిత్రం ముందు బెంచీ మీద చాలాసేపు కూర్చుని, ఆ ముసలావిడ బొమ్మ చూపించి, "అందరిలోకీ బాధపడుతున్నది ఈవిడ ఒక్కతే" అన్నారు. నేను అప్పటివరకు సంతకం కోసమే వెతుకుతున్నాను.

పన్నెండింటి ఫిరంగికి తోట కిటకిటలాడింది. యూనిఫారం వేసుకున్నవాళ్లు కవాతు చేస్తూ వచ్చి, క్షణం కూడా అటూఇటూ కాకుండా పేల్చారు. మామగారు తన గడియారం చూసుకుని, అది నాలుగు సెకన్లు వెనక ఉందని తేల్చి, అక్కడికక్కడే సరిచేసుకున్నారు. ఆ రోజంతటిలో ఆయనకు అన్నిటికంటే నచ్చింది అదే.

దైసా గురించి భయపడుతూనే అడిగాను. నేను మరిచిపోయిన సంగతి ఏమిటంటే, అత్తగారు కోనసీమలో లంక ఊళ్లో పుట్టారు. పెళ్లయ్యేవరకు బడికీ సంతకీ గోదావరి పాయ దాటి పడవలోనే వెళ్లారు. లిఫ్టులో నా చేయి వదలని మనిషి, పడవ దగ్గరకు రాగానే కుచ్చెళ్లు ఎడమచేత్తో పైకి పట్టుకుని, పడవవాడు చాచిన చేయి పట్టుకోకుండా, అల తగ్గే క్షణం చూసి ఒక్క అడుగులో దిగి మధ్యపలక మీద కూర్చున్నారు. పడ్డట్టు కూర్చున్నది నేనూ మామగారూ. బిర్గు ఒడ్డున చెట్టునీడలో మా ఓడ వైపు చూస్తూ బఠాణీ పస్తీత్సి తిన్నాము. మార్గరీనేనని ఇద్దరిని అడిగి రూఢి చేసుకున్నాను. అరిటాకు గారు చెప్పినట్టే పొట్టంతా చీర మీద రాలింది.

ఇక పాతఓడ గారి భరోసా మాట. మేము మూడుంపావుకే ఓడ దగ్గరకు చేరాము. మా ఆయన రెండున్నరకు బయలుదేరాలి గానీ, దారిలో మోస్టా చర్చి కనబడిందట. 1942 ఏప్రిల్‌లో గుమ్మటం చీల్చుకుని లోపల పడినా పేలని బాంబు కథ అబ్బాయికి చెప్పకుండా ఉండలేక అక్కడ దిగారట. ఫోను కలవలేదు. అందరూ ఎక్కవలసిన వేళ నాలుగున్నర. నిచ్చెన పక్కన నిలబడి మామగారు గడియారమే చూస్తున్నారు. ఇంతలో పైన నాలుగింటి ఫిరంగి పేలింది. మధ్యాహ్నం అదే చప్పుడుకు చప్పట్లు కొట్టిన నేను ఈసారి ఉలిక్కిపడ్డాను. నాలుగూ పన్నెండుకు తండ్రీకొడుకులు ఎర్రబడ్డ ముఖాలతో వచ్చారు. మామగారు ఒక్క మాట కూడా అనకుండా గడియారాన్ని కొడుకు ముఖానికి ఎదురుగా పెట్టి, లోపలికి నడిచారు. రాత్రి భోజనం దాకా మాట్లాడలేదు.

పాతఓడ:

ఎమ్‌దీనా ఎలా ఉందట?

తులసికోట:

మూడు ఓడల జనం ఒకేసారి వచ్చారట. నిశ్శబ్దం దొరకలేదట. పక్కసందు ఒకదాంట్లో మాత్రం వాళ్లిద్దరూ తప్ప ఎవరూ లేరని, తమ అడుగుల చప్పుడు తమకే వినబడిందని అబ్బాయి చెప్పాడు.

ఉప్పుగాలి:

ఆలస్యంగా చేరుతున్నాను. మా ఓడ నవంబరులో ఆదివారం నాడు వాలెట్టాలో ఆగుతోంది. అంటే ఆ చిత్రం చూసే అవకాశం లేనట్టేనా?

మాల్టాలో మనవాడు:

లేనట్టేనండి. కానీ మార్సష్లోక్ చేపలసంత జరిగేది ఆదివారమే. ముక్కు మీద కళ్లు చిత్రించిన రంగుల పడవలు వరుసగా కట్టి ఉంటాయి. పదకొండు దాటితే అడుగు పెట్టే చోటు ఉండదు కనుక దిగగానే ముందు అటు వెళ్లండి, పన్నెండింటి ఫిరంగి మాత్రం అందదు. నాలుగింటిది ఓడ డెక్కు మీద నుంచి వినవచ్చు.